ఒడ్డాది మసి అయిన రోజు ఆడవాళ్లెక్కడున్నారు?

విశాఖ ద్వారకానగర్‌లో ఒక మిత్రుడి మేడ మీద నెలకోసారి పదిమందిమి చేరి పద్యాలు చదువుకుంటాం. అందరం రిటైరైనవాళ్లమో, రిటైర్మెంటుకి దగ్గర పడ్డవాళ్లమో. టీ, పకోడీలు, పద్యం, మళ్లీ టీ. ఆ మధ్య ఒక ఆదివారం పెద్దన మనుచరిత్ర అవతారిక దగ్గరికొచ్చాం. 'తొలుదొల్త నుదయాద్రి శిలఁ దాఁకి' అని మొదలయ్యే సీసం అది. ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పిన మాస్టారొకరు మా గుంపులో ఉన్నారు. ఆయన గొంతెత్తి చదువుతుంటే పక్కింటి వాళ్లు కూడా పిట్టగోడ దగ్గరికొచ్చారు.

పద్యం నిజంగా గొప్పది. కృష్ణరాయల ప్రతాపం ఒక నిప్పు. కత్తి ఇనుము ఉదయగిరి రాయికి తగిలి రవ్వ పుడుతుంది. కొండవీడులో కసవాపాత్రుడనే సేనాని ఎదురొస్తాడు. కసవంటే గడ్డి. ఇంకేం, రవ్వ రాజుకుంటుంది. అక్కణ్ణుంచి ఊరూరూ అంటుకుంటూ, గోదావరిని కాచి, పొట్నూరు మీదుగా మన వైపు వచ్చేస్తుంది. 'మాడెములు వ్రేల్చె నొడ్డాది మసి యొనర్చెఁ గటకపురిఁ గాల్చె'. కటకంలో (ఇప్పటి కటక్) కళింగ రాజు గజపతి కలవరపడి పరుగు తీస్తాడు. మాస్టారు ముగించగానే అందరం ఆహా అన్నాం.

ఒకావిడ మాత్రం అనలేదు. బ్యాంకులో పనిచేసి ఈ మధ్యే దిగిపోయారు. పుట్టిల్లు వడ్డాది. చోడవరం దాటాక వస్తుంది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. పద్యంలోని ఒడ్డాది అదే. ఒకప్పుడు మత్స్య వంశపు రాజులకు రాజధాని.

"అయితే మాస్టారూ, మా ఊరిని మసి చేసీసినారన్నమాట!"

నవ్వులు. ఆవిడా నవ్వారు. తర్వాత నెమ్మదిగా అడిగారు: "మగోళ్లు కత్తులు పట్టుకునుంటారు. ఆడోళ్లు, పిల్లలు ఆ వేళ ఎక్కడున్నారండీ?"

"అది కావ్యం తల్లీ, ఊళ్లు నిజంగా కాలినట్టు కాదు. అతిశయోక్తి," అన్నారు మాస్టారు. ఆ మాటా తప్పు కాదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి శాసనాల సంపుటాలూ కావ్యాలూ ముందేసుకుని చాలా రాత్రులు కూర్చున్నాను. తేలిందేమిటంటే, జవాబు లేకపోలేదు. ముక్కలు ముక్కలుగా ఉంది. ఏ ముక్క ఎవరు రాశారో చూసుకుంటూ పోతే తప్ప అది అర్థం కాదు.

ముందు ఒక భ్రమ తీసేసుకోవాలి. పాతకాలపు యుద్ధం ధర్మయుద్ధమనీ, సూర్యాస్తమయానికి ఆగిపోయేదనీ, ఆడవాళ్ల జోలికి ఎవరూ వెళ్లేవారు కాదనీ చిన్నప్పుడు విన్నాం. ధర్మశాస్త్రమే అలా చెప్పలేదు. మనుస్మృతి ఏడో అధ్యాయం 96వ శ్లోకం ఒక పట్టీ ఇస్తుంది. రథాలు, గుర్రాలు, ఏనుగులు, గొడుగులు, ధనం, ధాన్యం, పశువులు, స్త్రీలు, ఇతర వస్తువులు: ఎవడు గెలుచుకుంటే అది వాడిది. పశువుల పక్కనే స్త్రీలు. ఎనిమిదో అధ్యాయంలో దాసులు ఎన్ని రకాలో లెక్కపెట్టినప్పుడు మొట్టమొదటి రకం 'ధ్వజాహృతుడు', అంటే జెండా కింద పట్టుకొచ్చినవాడు. మహాభారతం శాంతిపర్వంలో ఇంకో మాట ఉంది. పరాక్రమంతో తెచ్చిన కన్యను ఏడాది దాటకుండా తాకకూడదు. ఈ నియమం చదివినప్పుడల్లా నాకు రెండు రకాలుగా అనిపిస్తుంది. ఒక పక్క, ఆమె మనసు కుదుటపడాలని ఎవరో ఆలోచించారు. ఇంకో పక్క, ఏడాది తర్వాత సంగతి మీద ఎవరికీ అనుమానం లేదు.

కాబట్టి ఆడమనిషిని ఎత్తుకురావడం ఏ తాగుబోతు సైనికుడో చేసిన తప్పుడు పని కాదు. అది గెలిచినవాడి వాటాలో ఒక పద్దు.

మరి మన దక్కన్ శాసనాల్లో రాజులకూ సామంతులకూ 'పరనారీ సహోదర' అనే బిరుదు అంతగా కనిపిస్తుందేం? పరాయి ఆడవాళ్లకు అన్నలాంటివాడు అని కదా అర్థం. పైకి రెండూ పొసగవు. బిరుదులోని 'పర' అనే ముక్క మీద కాస్త ఆగితే పొసుగుతాయి. ఆమె పరాయిది, అంటే ఇంకొక మగవాడికి చెందింది. ఆ మగవాడు నిలబడి ఉన్నంతసేపే ఆ హద్దు. వాడు ఓడిపోయాక ఆమె ఎవరికి చెందుతుందో పై పట్టీ చెబుతోంది. పైగా, అందరూ పాటించే సంగతికి ఎవరూ బిరుదు ఇచ్చుకోరు. అన్నలా ఉన్నానని రాతి మీద చెక్కించుకోవాల్సి వచ్చిందంటే, అలా ఉండనివాళ్లు చుట్టూ బాగానే ఉండి ఉండాలి.

ఇక శాసనాల్లోకి వెళ్దాం. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇక్కడే దొరికింది.

వీరరాజేంద్ర చోళుడు 1063 నుంచి 1070 దాకా రాజ్యం చేశాడు. వేంగి కోసం పశ్చిమ చాళుక్యులతో ఎడతెగని పోరు. అతని తమిళ ప్రశస్తిలో ఒక ఘట్టం వేంగినాడులో జరుగుతుంది, అంటే మన గోదావరి, కృష్ణా జిల్లాల నేల మీద. చాళుక్య విక్రమాదిత్యుడు వేంగికి పంపిన సైన్యాన్ని చోళుడు చిత్తు చేశాడు. చాముండరాయుడనే మహాదండనాయకుడి తల నరికించాడు. ఆ తర్వాత, చాముండరాయుడి ఒక్కగానొక్క కూతురు, ఇరుగయ్యన్ అనేవాడి రాణి, నెమలి వంటి సోయగం గల నాగలై ముక్కు కోయించాడు.

ఇది శత్రువు వేసిన నింద కాదని గుర్తుంచుకోండి. చేయించినవాడే తన ఘనతల వరసలో చెప్పుకున్నాడు. చాటుమాటుగా కూడా కాదు. తమిళంలో మెయ్‌కీర్తి అనే ఇలాంటి ప్రశస్తిని గుడి గోడల మీద దానశాసనాలకు ముందుమాటగా చెక్కేవారు. ఎవరో అఖండదీపానికి గొర్రెల్నిస్తారు. ఆ దానం సంగతి రాసే ముందు రాజుగారి విజయాలు రావాలి. అలా నాగలై ముక్కు దేవుడి దీపం పక్కన రాతిలోకెక్కింది. నెమలి పోలిక కూడా ఊరికే పెట్టింది కాదు. ఎంత అందమైన ముఖాన్ని పాడుచేశాడో చెబితేనే ఆ ఘనత పూర్తవుతుంది. 'ఒక్కగానొక్క కూతురు' అన్న మాటా అందుకే. తండ్రి తలను నరికితే అతనికి తెలియదు, అతను పోయాడు. కూతురి ముక్కు కోస్తే ఆ కుటుంబంలో మిగిలిన ప్రతి మగవాడూ జీవితాంతం చూస్తుండాలి. ఆమె శరీరం మీద రాసిన ఉత్తరం అది, చదవాల్సినవాళ్లు వేరే.

ఇదొక్కటే కాదు. 1054లో కొప్పం దగ్గర చోళులు చాళుక్య ఆహవమల్లుణ్ణి ఓడించారు. రెండో రాజేంద్ర చోళుడి ప్రశస్తిలో పట్టుబడ్డవాటి జాబితా ఉంది. ఏనుగులు, గుర్రాలు, ఒంటెలు, వరాహ ధ్వజం, వాటితోపాటే సత్తియవ్వై, సంగప్పై మొదలైన రాణులు. అంతకు ముందు రాజాధిరాజ చోళుడు లంక మీదికి వెళ్లినప్పుడు ఒక సింహళ రాజు తల్లి ముక్కు కోయించినట్టు అతని ప్రశస్తే చెబుతుంది. మనువు పట్టీని ఎవరో దగ్గర పెట్టుకుని రాసినట్టుంటాయి ఇవి.

ఇప్పుడు దెబ్బతిన్నవాళ్ల రాయి ఏం చెబుతుందో చూడాలి. కర్ణాటకలోని హొట్టూరులో 1007 నాటి శాసనం ఉంది. రాజు చాళుక్య సత్యాశ్రయుడు. చోళుడు తొమ్మిది లక్షల సేనతో వచ్చిపడి దేశమంతా దోచాడని, ఆడవాళ్లనూ పిల్లలనూ బ్రాహ్మణులనూ చంపాడని, ఆడపిల్లలను పట్టుకుపోయి కులం చెరిపాడని అందులో ఉంది. సత్యాశ్రయుడు వాళ్లను తరిమి 'తిగుళమారి' అనిపించుకున్నాడట, తమిళులకు మృత్యువు అని. తొమ్మిది లక్షలనేది నమ్మదగ్గ లెక్క కాదు. శత్రువు ఎంత పెద్దవాడైతే తరిమినవాడు అంత గొప్పవాడు. అదలా ఉంచి, ఏడుపు దేని గురించో చూడండి. ఆడపిల్లలకు జరిగిన హాని అక్కడ 'కులం చెడటం'గా నమోదైంది. బాధ పడ్డది పిల్ల, పోయింది మాత్రం కులం.

గెలిచినవాడు గొప్ప కోసం పెంచి చెబుతాడు, దెబ్బతిన్నవాడు జాలి కోసం పెంచి చెబుతాడు. అలాంటప్పుడు దేన్ని నమ్మాలి? ఫలానా రోజున ఫలానా స్త్రీకి ఇదే జరిగిందని ప్రమాణం చేయడం కష్టమే. అయితే రెండు రాళ్లూ ఒకే సంగతిని ఒప్పుకుంటున్నాయి. యుద్ధమంటే ఇవన్నీ ఉంటాయని రాసినవాడికీ తెలుసు, చదివేవాడికీ తెలుసు. ఒకడికది కీర్తి, ఇంకొకడికది ఘోరం. ఇద్దరికీ వింత మాత్రం కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ఈ విషయం ఎత్తగానే మా వాట్సాప్ గ్రూపులో వెంటనే మొదలైంది. 'ఇలాంటివి బయట నుంచి వచ్చిన తురుష్కులు చేసేవారు, మన రాజులు కాదు' అని ఒకాయన. సుల్తానుల సేనలు బానిసలుగా పట్టుకుపోయిన ఆడవాళ్ల గురించి వాళ్ల చరిత్రకారులే గొప్పగా రాసుకున్నారు, ఎవరూ కాదనలేరు. కానీ చోళుడూ చాళుక్యుడూ ఒకే శివుణ్ణి కొలిచినవాళ్లు. నాగలై ముక్కుకి ఆ భక్తి అడ్డం రాలేదు. ఆయనకీ మాటే రాశాను. ఒక నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకున్నారు.

పట్టుకెళ్లిన ఆడవాళ్లు ఎక్కడికి వెళ్లేవారు? దీనికి జవాబు వెతుకుతుంటే దారి తిరిగి తిరిగి విశాఖకే వచ్చింది. ఒకప్పటి శాసనాల్లో మన ఊరి పేరు కులోత్తుంగచోళపట్టణం. ఆ కులోత్తుంగుడు ఎవరో కాదు, రాజరాజ నరేంద్రుడి కొడుకు. నన్నయ చేత భారతం రాయించిన ఆ రాజుగారి అబ్బాయే 1070లో చోళ సింహాసనమెక్కాడు. 1110 ప్రాంతంలో అతని సేనాని కరుణాకర తొండైమాన్ కళింగం మీద పడి ధ్వంసం చేశాడు. ఆ విజయం మీద జయంకొండార్ అనే కవి కళింగత్తుపరణి రాశాడు. తమిళంలో చాలా పేరున్న కావ్యం. అందులో కళింగం ఓడిన పక్షం, అంటే మనం.

కావ్యం మొదట్లో 'తలుపులు తెరవండి' అనే ఘట్టం ఉంటుంది. కవి ఆ నగరపు ఆడవాళ్లను ఒక్కొక్క రకంగా పిలుస్తూ తలుపు తీయమంటాడు. శృంగారంతో నిండిన పద్యాలు. వాటి మధ్యలో ఒకటి: మీనధ్వజపు పాండ్యులు విళిఞం వైపు పారిపోగా, అడవుల్లోకి వెళ్లి, చివరికి వేళంలో చేరిన సుందరుల్లారా, తలుపు తీయండి! వేళం అంటే చోళుల రాచనగరులో పరిచారికలుండే చోటు. తంజావూరు వైపు శాసనాల్లో వేళాలకు రాజుల పేర్లు, రాణుల పేర్లు కనిపిస్తాయి. స్నానాలకు నీళ్లు పెట్టేవాళ్లూ వంటింటి వాళ్లూ మొదలుకొని అక్కడి ఆడవాళ్లు రకరకాల పనులు చేసేవారు. వాళ్లలో చాలామంది యుద్ధాల్లో చెరపట్టి తెచ్చినవాళ్లని దావూద్ అలీ అనే చరిత్రకారుడు 2006లో వచ్చిన ఒక వ్యాసంలో వాదించాడు. ఆ వాదనకు కావ్యంలోని ఈ పద్యం మంచి సాక్ష్యం. వేళం ఆడవాళ్లు కొందరు గుళ్లకు దీపాలకోసం దానాలు కూడా ఇచ్చారు. చేతిలో ఎంతో కొంత సొంతడబ్బు ఉండేదన్నమాట. చెర అనగానే చీకటికొట్టును ఊహించుకునే నాలాంటి వాడికి ఇది కొంచెం తికమక పెట్టే సంగతి. బతుకు ఎక్కడ పడేస్తే అక్కడ వాళ్లు కాళ్లూనుకున్నారు. తెచ్చిన దారి మాత్రం మారదు.

ఆ పద్యం కవి చూపించిన తీరుకి మళ్లీ వస్తాను. ఓడి, ఇల్లూ వాకిలీ పోయి, అడవులు పట్టి, పరాయి రాజు నగరులో పనికి చేరిన ఆడమనిషి. ఆమెను కవి నిద్ర మత్తులో ఉన్న ప్రియురాలిలా తలుపు తీయమంటున్నాడు. హింస జరిగిందని దాచలేదు. సోకు చేశాడు.

మన కావ్యాలూ ప్రశస్తులూ దాదాపుగా ఇదే పని చేస్తాయి. రాజు శౌర్యం ఎంతటిదంటే శత్రువుల భార్యల కన్నీళ్లు ఏరులై పారాయి, వాళ్ల పాపిటలో సిందూరం చెరిగింది, మెడలో హారాల బదులు కన్నీటి ముత్యాలే మిగిలాయి. సంస్కృతంలోనూ మన భాషల్లోనూ ఇవి లెక్కలేనన్ని. ఈ వర్ణనల్లో ఆడవాళ్లు లేకపోలేదు. ఎటు చూసినా వాళ్లే. కానీ ఒక్కరికీ పేరుండదు, ఒక్కరూ మాట్లాడరు, ఒక్కరికీ దెబ్బ తగిలినట్టు కనపడదు. ఏడుస్తారు, అంతే. ఆ ఏడుపు రాజుకి ఆభరణం.

ఆడకవి రాస్తే మారుతుందా? అదీ చూశాను. విజయనగర రాకుమారుడు కంపరాయలు మధుర సుల్తాను మీద చేసిన దండయాత్రను అతని భార్య గంగాదేవి మధురావిజయం అనే సంస్కృత కావ్యంగా రాసింది. పద్నాలుగో శతాబ్ది. తిక్కనను పొగిడిన కవయిత్రి, కాబట్టి మనకు దగ్గరిదే. తాళపత్రం 1916లో తిరువనంతపురంలో బయటపడింది. ఎనిమిదో సర్గలో ఒక స్త్రీ వచ్చి మధుర దుస్థితి చెప్పి, కంపరాయలికి కత్తి ఇస్తుంది. యుద్ధం గురించి ఆడగొంతు మాట్లాడే చోటు. ఆమె అంటుంది: తామ్రపర్ణి నీళ్లు ఒకప్పుడు స్నానమాడే యువతుల గంధంతో తెల్లగా ఉండేవి, ఇప్పుడు ఆవుల నెత్తురుతో ఎర్రబడ్డాయి. నిట్టూర్పులకు పెదవులెండి, జుట్టు చెదిరి, కళ్లు నీళ్లతో నిండిన ద్రావిడుల ముఖాలు చూసి తల్లడిల్లుతున్నాను.

బాగుంది, గుండెకు తగులుతుంది. కానీ ఎండిన పెదవి, చెదిరిన కురులు, వేడి నిట్టూర్పు, ఈ సామగ్రి మనం ఇంకెక్కడ చూశాం? ప్రబంధాల్లో విరహిణి దగ్గర. భర్త ఊరెళ్తే నాయిక పడే అవస్థకు వాడే మాటలే ఊరు నాశనమైనప్పుడూ వాడాల్సి వచ్చింది. గంగాదేవి తప్పని నేననను. ఆమె నేర్చుకున్న కావ్యభాషలో స్త్రీ బాధకు ఉన్న మాటలు అవే.

దీనికి మినహాయింపు నాకు తిక్కన దగ్గర దొరికింది. భారతంలో విరాటపర్వం నుంచి చివరిదాకా ఆయనదే. స్త్రీపర్వంలో గాంధారి, కోడళ్లు కురుక్షేత్రంలో శవాల మధ్య తిరుగుతారు. మొండెం ఒకచోట, తల ఒకచోట. గాంధారి కృష్ణుణ్ణే నిలదీసి శపిస్తుంది. అందరికీ తెలిసిన ఘట్టమే. మౌసలపర్వం మాత్రం మన పురాణ కాలక్షేపాల్లో పెద్దగా వినపడదు, ఎందుకో చదివితే తెలుస్తుంది. కృష్ణుడు పోయాడు. ద్వారక మునుగుతోంది. యాదవ స్త్రీలను అర్జునుడు ఇంద్రప్రస్థం వైపు తీసుకెళ్తుంటే ఆభీరులు కర్రలు పట్టుకుని మీద పడతారు. అర్జునుడు గాండీవాన్ని అతి కష్టం మీద ఎక్కుపెడతాడు. అస్త్రాలు గుర్తుకు రావు. అమ్ములు అయిపోతే వింటి కొసతో కొడతాడు. అతని కళ్ల ముందే దొంగలు ఆడవాళ్లను ఈడ్చుకుపోతారు. కొందరు తమంతట తామే వాళ్ల వెంట వెళ్లిపోయారని కూడా వ్యాసుడు అంటాడు.

ఆ చివరి వాక్యం దగ్గర వ్యాఖ్యాతలు ఇబ్బంది పడతారు. ఎందుకు వెళ్లారు? భయమా, అలసటా, ఇక ఈ వీరుల్ని నమ్మి లాభం లేదనా? కథ చెప్పదు. లోకంలోకెల్లా గొప్ప విలుకాడు కాపాడలేని చోట ఆడవాళ్లు తమ దారి తాము చూసుకున్నారు. ప్రశస్తిలో ఇలాంటి వాక్యం రాదు. ప్రశస్తికి గెలిచిన రాజు కావాలి, ఇక్కడ గెలిచినవాడెవడూ లేడు.

ఆడదాని వల్లే యుద్ధం వచ్చిందనే కథల సంగతి త్వరగా చెప్పేస్తాను. పల్నాడు తగలబడిందంటే నాగమ్మ వల్ల. 1406లో బహమనీ ఫిరోజ్‌షాకీ దేవరాయలకీ యుద్ధం జరిగిందంటే ముద్గల్ కంసాలి పిల్ల అందం వల్ల. ఈ రెండోది పారశీక చరిత్రకారుడు ఫెరిస్తా రాశాడు, రెండొందల ఏళ్ల తర్వాత. ఆ రెండు రాజ్యాలూ రాయచూరు అంతర్వేది కోసం తరతరాలుగా కొట్టుకున్నాయి, కంసాలి పిల్ల లేకపోయినా కొట్టుకునేవే. నింద మోయడానికి ఒక ముఖం కావాలి, అంతే.

ఇక మన వైపు వాళ్లకు పుస్తకం అక్కర్లేని కథ ఒకటుంది. కాలాన్ని బట్టి అది మధ్యయుగం కాదు, 1757 జనవరి 24. కానీ బొబ్బిలిని వదిలేసి ఈ విషయం మాట్లాడితే ఉత్తరాంధ్రలో ఎవరూ ఊరుకోరు. విజయనగరం పూసపాటి విజయరామరాజు, అతని వెంట ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు. కోట నిలవదని తేలాక బొబ్బిలి రాజు రంగారావు కోటలోని ఆడవాళ్లూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకూడదని నిర్ణయించాడు. ఇళ్లకు నిప్పు పెట్టారు. మూడు రాత్రుల తర్వాత తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజును చంపాడు.

బుర్రకథ దళం తంబురా మీటి 'మల్లమ్మదేవీ' అన్నప్పుడు మా అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. కథలో వాళ్లందరూ నవ్వుతూ ప్రాణమిచ్చారు. త్యాగం. నేనూ నలభయ్యేళ్లు అలాగే నమ్మాను. తర్వాత రాబర్ట్ ఓర్మ్ రాసిన చరిత్ర చదివాను. ఇంగ్లీషు కంపెనీ మనిషి, బొబ్బిలిలో లేడు, విన్నది రాశాడు. కానీ సంఘటన జరిగిన ఇరవయ్యొక్క ఏళ్లకే, 1778లో, అది అచ్చయింది. మంటలకూ పొగకూ తాళలేక ఎవరైనా బయటికి పరిగెత్తబోతే, ఆడదైనా పిల్లయినా, సొంతవాళ్లే పొడిచేశారని అందులో ఉంది.

పరిగెత్తబోయిన వాళ్లున్నారు. కథ మొత్తం ఆ ఒక్క ముక్క దగ్గర నాకు మారిపోయింది. అందరూ ఇష్టపడి చచ్చిపోయారని అనలేం. ఎవరూ ఇష్టపడలేదనీ అనలేం. శత్రువు చేతికి చిక్కితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు, తరతరాలుగా విన్నారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, పైన చెప్పిన రాళ్లన్నీ ఆ భయానికి సాక్ష్యమే. కానీ భయం ఎవరిదైనా నిర్ణయం రంగారావుది, కత్తి భర్తది, తండ్రిది. శత్రువు చేయబోయే హింస నుంచి కాపాడటానికి సొంతవాళ్లు చేసిన హింసను కథ త్యాగమని పిలిచింది.

ఆ యుద్ధంలో గెలిచిన పక్షం నుంచి కూడా ఒక ఆడమనిషి మిగిలింది. విజయనగరం పైడితల్లి. ఆమె విజయరామరాజు చెల్లెలని, యుద్ధం వద్దని అన్నకు చెప్పిందని, అన్న పోయాడని తెలిసి ప్రాణం విడిచి పెద్దచెరువులో వెలిసిందని స్థలకథ. దసరా తర్వాత మంగళవారం సిరిమాను చూడ్డానికి విశాఖ నుంచి బస్సులు కిక్కిరిసి వెళ్తాయి. యుద్ధం వద్దన్నప్పుడు చెల్లెలి మాట ఎవరూ వినలేదు. అమ్మవారయ్యాక లక్షల మంది చేతులు కట్టుకుని నిలబడి వింటున్నారు.

మళ్లీ కృష్ణరాయలి దగ్గరికి. ఆయన్ని తక్కువ చేయాలని నాకేం లేదు. ఆముక్తమాల్యద రాజనీతి భాగంలో ఆయన స్వయంగా రాశాడు: శత్రువు కోట పట్టినప్పుడు అంతఃపురపు ఆడవాళ్లు చిక్కితే పుట్టింట్లో ఉన్నట్టు చూసుకో. వీరరాజేంద్రుడి ప్రశస్తి పక్కన పెట్టి చదివితే ఈ మాట విలువ తెలుస్తుంది. ఊరికే రాసిన నీతి కూడా కాదు. కొండపల్లి పడినప్పుడు ప్రతాపరుద్ర గజపతి భార్య ఒకామె, కొడుకు ఒకడు పట్టుబడ్డారని, వాళ్లను విజయనగరం పంపారని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాశాడు. చివరికి సంధిలో గజపతి కూతుర్నే రాయలికిచ్చారు. ఆమె పేరు జగన్మోహిని అని కొందరు, తుక్కా అని కొందరు. కంభంలో ఒంటరిగా బతికిందనీ, తనను పట్టించుకోని భర్త మీద ఐదు సంస్కృత శ్లోకాలు చెప్పుకుందనీ ఒక పరంపర. తుక్కాపంచకమంటారు. ఆ శ్లోకాలు ఆమె రాసినా, ఆమె పేరు మీద ఇంకెవరో రాసినా, సంధిపత్రంలో ఒక షరతుగా వచ్చిన పిల్లకు మనసుంటుందని ఎవరికో తోచింది.

అయితే ఆ నీతి పద్యం అంతఃపురం గడప దగ్గరే ఆగిపోయింది. ఒడ్డాదిలో నీళ్లు మోసుకొచ్చేవాళ్లకూ నూలు వడికేవాళ్లకూ అంతఃపురం ఉండదు.

పోయిన నెల సింహాచలం వెళ్లాను. రాయల శాసనం అక్కడుంది, 1516 నాటిది. కళింగ యాత్రలో వచ్చి, చిన్నాదేవి, తిరుమలదేవులతో స్వామిని దర్శించుకుని నగలిచ్చాడు. వాటిలో ఒక ముత్యాల హారం. ముత్యాలెన్నో కూడా చెక్కించారు: 991. వెయ్యి అని గుండుగుత్తగా అనలేదు. ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. అంత శ్రద్ధగల రాయసగాళ్లు వెంట ఉన్న సైన్యమది. పక్కన ప్రసాదం క్యూలో తోపులాట జరుగుతుంటే నేను ఆ అంకె దగ్గరే నిలబడిపోయాను.

తర్వాతి ఆదివారం మేడ మీద ఇవన్నీ చెప్పాను. పకోడీలు చల్లారిపోయాయి. మాస్టారు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ఆ రోజు కొత్తగా వచ్చిన ఒకాయన పెద్దన పద్యం వినలేదంటే, పుస్తకం తెరిచారు. మొదలుపెట్టారు. ఉదయాద్రి, కొండవీడు, గౌతమి, పొట్నూరు. 'మాడెములు వ్రేల్చె' దగ్గర గొంతు ఆగింది. కళ్లద్దాల పైనుంచి వడ్డాది ఆవిడ వైపు చూశారు.

"చదివీండి మాస్టారూ," అన్నారావిడ. "మా ఊరి పేరు ఉన్న పద్యం ఇంకోటి లేదు."